ఫార్మాట్ చేసినా వైరస్ మళ్ళీ ఎందుకు వస్తోంది?

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఇల్లు, విండోస్ 10 ఉన్న అసెంబుల్డ్ కంప్యూటర్. మనవరాలి స్కూలు ప్రాజెక్టు ప్రింటు తీయించడానికి పెన్‌డ్రైవ్‌ను వీధి చివర జిరాక్సు షాపుకు పట్టుకెళ్ళారు. ఇంటికొచ్చి కంప్యూటర్‌కు పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉన్నాయి. సర్వీసు కుర్రాడిని పిలిస్తే ఫార్మాట్ చేసి 600 రూపాయలు తీసుకున్నాడు. పది రోజులకు మళ్ళీ అదే తంతు, మళ్ళీ 600. ఇప్పుడు మూడోసారి వచ్చింది. దీనికి తోడు మధ్యాహ్నాలు కంప్యూటర్ కదలడం లేదు. తెర మూలన ‘మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు ఉన్నాయి’ అంటూ ఎర్రటి హెచ్చరికలు వస్తున్నాయి. హార్డ్‌డిస్క్ మార్చమంటారా అని మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. మూడోసారి ఫార్మాట్ కూడా చేయించకండి. గుంటూరు అరండల్‌పేటలో ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. ఫార్మాట్ చేశాక కూడా ఇంటి కంప్యూటర్‌కు అదే వైరస్ తిరిగి వచ్చిందంటే, దాదాపు ప్రతిసారీ మనమే దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చుకుని ఉంటాం. అది ఏ దారిన వస్తోంది, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని నిద్ర లేపుతున్నది ఏది? ఈ రెండూ తేలకుండా ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఇల్లు అలకగానే పండగ అనుకున్నట్టే.

ముందు ఒక పని చేసి, ఆ తరువాత మిగతాది చదవండి. ఇంటర్నెట్ తీగ పీకేయండి, వైఫై అయితే ఆపేయండి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైటు, పెన్షన్ సైటు, మెయిలు తెరవకండి. సంగతి తేలేదాకా అవన్నీ ఫోనులోనే చూసుకోండి.

మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే జబ్బువి కావని నా అనుమానం. తేలికైన రెండింటిని ముందు పక్కకు తీసేద్దాం.

ఉదయం బాగా నడిచి, మధ్యాహ్నం రెండింటికి మొరాయించి, రాత్రికి మళ్ళీ కుదుటపడుతోందంటే అది వేడి. వైరస్‌కు ఎండాకాలం, వానాకాలం తెలియవు. ప్రాసెసర్ మాత్రం వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. బెజవాడ ఎండలకు క్యాబినెట్‌ను గోడకు ఆనించి, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి పెడితే అంతకంటే ఏమవుతుంది? ఒకసారి మిర్చి యార్డు దగ్గరి కమిషన్ కొట్టు నుంచి ఒక కంప్యూటర్ తెచ్చారు. వైరస్ పట్టింది, ధరల పట్టీ తెరవడానికి ఐదు నిమిషాలు పడుతోంది అన్నారు. పక్క మూత విప్పానో లేదో నాకు, నా దగ్గర పనిచేసే కుర్రాడికి, తెచ్చినాయనకు ముగ్గురికీ ఒకేసారి తుమ్ములు. ఫ్యాను రెక్కల మధ్య, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ లోహపు పళ్ళ సందుల్లో ఎర్రటి మిరప దుమ్ము నూనె పట్టిన దూదిలా అట్టకట్టి ఉంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ పట్టాను. ప్రాసెసర్ మీద సున్నంలా ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాను. ‘వైరస్’ పోయింది. మీ క్యాబినెట్ కూడా ఒకసారి విప్పించి చూడండి. లోపల శుభ్రంగానే ఉండి అప్పటికీ నెమ్మదిగా ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ వరుస ఏ పనీ లేకుండా గంటల తరబడి నూటికి నూరు చూపిస్తుంటే పాత హార్డ్‌డిస్క్ అలసిపోయిందేమో అనుకోవచ్చు. అప్పుడు దాని బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేని వేగమైన డిస్క్, వేయించండి, డబ్బు దండగ కాదు. కానీ అది వైరస్‌కు మందు మాత్రం కాదు.

ఇక ఎర్ర హెచ్చరికలు. అవి తెర కింద కుడి మూల నుంచి పైకి లేస్తూ, చిన్న అక్షరాల్లో ఏదో సైటు పేరు చూపిస్తుంటే, అవి క్రోమ్ పంపే నోటిఫికేషన్లు. ఎప్పుడో ఒక సినిమా సైటో, పరీక్షా ఫలితాల నకిలీ సైటో తెరిచినప్పుడు ‘అలో’ అని అడిగి ఉంటుంది, ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. ఆనాటి నుంచి ఆ సైటు మీ తెర మీద ఏ అబద్ధం కావాలంటే అది రాయగలదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. రెండు నిమిషాల పని. తరువాత ఎక్స్‌టెన్షన్ల (క్రోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల) పేజీ కూడా చూసి, మీరు వేసుకోనివి ఉంటే తొలగించండి.

ఒక్క జాగ్రత్త. అలాంటి హెచ్చరికలో ఫోను నంబరు ఉంటే పొరపాటున కూడా ఫోను చేయకండి. అవతలివాడు మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్ వేయించి, మీ కంప్యూటర్ తన చేతుల్లోకి తీసుకుని, విండోస్‌లో ఎప్పుడూ ఉండే మామూలు ఎర్రర్ల చిట్టా తెరిచి ‘చూశారా, ఎన్ని వైరస్‌లో’ అంటాడు. ఆ చిట్టా నా కంప్యూటర్‌లోనూ ఎర్రగానే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎన్నడూ ఫోను నంబరు పెట్టదు. ఇప్పటికే ఎవరికైనా డబ్బు కట్టి ఉంటే మిగతాది తరువాత చదవవచ్చు, ముందు 1930కి ఫోను చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు అది. ఎంత తొందరగా చెబితే డబ్బు మధ్యలో ఆపడానికి అంత వీలు.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం. ఫోల్డర్లను షార్ట్‌కట్లు చేసే ఈ రకం పాతదే. 2008లో కాన్‌ఫికర్ అనే వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, అందులోని ఆటోరన్ ఫైలును విండోస్ తనంతట తానే నడిపించేది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లకు ఆ సదుపాయం ఆపేసింది. కంప్యూటర్ తలుపు తీయడం మానేసింది కాబట్టి వైరస్ రాసేవాళ్ళు మన చేతనే తీయించే ఉపాయం పన్నారు. మీ అసలు ఫోల్డర్‌ను దాచేస్తారు. దాని స్థానంలో అదే పేరు, అదే పసుపుపచ్చ బొమ్మతో షార్ట్‌కట్ పెడతారు. మీరు రెండుసార్లు నొక్కుతారు. అది ఒక చేత్తో వైరస్‌ను లేపి, రెండో చేత్తో మీ ఫోల్డర్‌ను తెరిచి చూపిస్తుంది. ఫైళ్ళు కనిపించాయి కాబట్టి మీకు అనుమానం రాదు.

దీన్ని మీ కళ్ళతోనే చూడవచ్చు. అలాంటి షార్ట్‌కట్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. పొరపాటున కూడా రెండుసార్లు నొక్కకండి. టార్గెట్ అనే గడిలో మామూలుగా అయితే ఫోల్డర్ ఉన్న చోటు ఉండాలి. ఇక్కడ మొదట సీఎండీ అనీ, మధ్యలో డబ్ల్యూస్క్రిప్ట్ (స్క్రిప్టులను నడిపించే విండోస్ ప్రోగ్రాము) అనీ, దాని పక్కన అర్థం లేని అక్షరాలతో వీబీఎస్ అని ముగిసే ఫైలు పేరూ, చిట్టచివర ఎక్స్‌ప్లోరర్ అనీ మీ ఫోల్డర్ పేరూ ఉంటాయి. గడి చిన్నది కాబట్టి కర్సర్‌ను కుడివైపు చివరిదాకా జరిపి చదవాలి. ఆ మధ్యలోని పేరు కాగితం మీద రాసుకోండి. వెతకాల్సింది దాన్నే.

మీ ఫైళ్ళు పోలేదనడానికి రుజువు కూడా అక్కడే ఉంది. షార్ట్‌కట్లు ఒక్కొక్కటీ ఒకటి రెండు కేబీలకు మించవు. కానీ పెన్‌డ్రైవ్ ప్రాపర్టీస్ చూస్తే జీబీల కొద్దీ నిండి ఉంటుంది. అంత బరువు ఎక్కడిది? మీ ఫైళ్ళదే. మనవరాలి ప్రాజెక్టు పోయిందని కంగారుపడి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఉన్నవి కూడా నిజంగా పోగొట్టుకున్నవాళ్ళు నా షాపు గుమ్మంలో కూర్చుని ఏడ్చిన సందర్భాలున్నాయి.

మరి రెండుసార్లు ఫార్మాట్ చేసినా ఎందుకు పోలేదు? ఫార్మాట్ చేసింది సి డ్రైవ్ ఒక్కటే. పెన్‌డ్రైవ్ అలాగే ఉంది. మీరు మళ్ళీ గుచ్చారు, మళ్ళీ నొక్కారు. ఇది ఒక దారి. రెండో దారి గురించి మా వృత్తిలో వాళ్ళు బయటికి చెప్పరు. ఆ కుర్రాడు తన వెంట ఒక పెన్‌డ్రైవ్ తెస్తాడు చూశారా, విండోస్, ఆఫీసు, ప్రింటర్ డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు అన్నీ ఉన్న డొక్కు పెన్‌డ్రైవ్, అది రోజుకు ఎన్ని ఇళ్ళు తిరుగుతుందో ఆలోచించండి. అందులో దొంగ విండోస్‌ను అసలుదిగా నమ్మించే ఆక్టివేటర్ ఒకటి ఉంటుంది. దాన్ని విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ వైరస్‌గా పట్టేస్తుంది కాబట్టి, ముందుగా డిఫెండర్‌ను ఆపుతారు. మళ్ళీ ఆన్ చేస్తే పట్టేస్తుందని, డిఫెండర్ సెట్టింగుల్లో ‘ఇక్కడ వెతకవద్దు’ అని ఒక మినహాయింపు రాసి పోతారు. కొందరైతే ఫోల్డర్ పేరు రాసే ఓపిక లేక మొత్తం సి డ్రైవ్‌కే మినహాయింపు ఇస్తారు. కాపలా కుక్కను పెట్టి, ఇంట్లో ఎవరొచ్చినా మొరగవద్దని చెప్పినట్టు. మీ తెర మీద డిఫెండర్ ఆకుపచ్చ టిక్కు పెట్టుకుని హాయిగా కూర్చుంటుంది. ఇతరులను అనడం ఎందుకు, 2012 ప్రాంతం వరకు నేను కూడా అదే పని చేశాను. ఒక డాక్టరుగారి కంప్యూటర్‌కు నా పెన్‌డ్రైవ్ నుంచే వైరస్ వెళ్ళిందని తెలిసిన రోజున మానేశాను.

కాబట్టి శుభ్రం చేయడం ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి, అక్కడి నుంచి మేనేజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కిందికి జరిపితే ఎక్స్‌క్లూజన్స్ కనిపిస్తుంది. మీరు పెట్టని మినహాయింపు ఏది ఉన్నా తీసేయండి. ఆ సెట్టింగులు తెరుచుకోకపోయినా, తెరిచిన వెంటనే మూసుకుపోతున్నా, లోపల ఏదో గట్టిది కూర్చుందని తెలుసుకోండి. దాని సంగతి కింద చెబుతాను.

తరువాత నెట్ ఓ పది నిమిషాలు కలపండి. ఏ పేజీ తెరవకుండా డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి మళ్ళీ తీగ పీకేయండి. అదే తెరలో స్కాన్ ఆప్షన్స్ నొక్కితే క్విక్, ఫుల్, కస్టమ్, ఆఫ్‌లైన్ అని నాలుగు ఉంటాయి. అందరూ మొదటిది నొక్కి ఏమీ లేదనుకుని వదిలేస్తారు. మీరు ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచి ఉన్న ఫైళ్ళు ముందు సేవ్ చేసుకోండి, ఎందుకంటే కంప్యూటర్ ఆగి మళ్ళీ లేస్తుంది. విండోస్ పూర్తిగా లేవకముందే, అంటే వైరస్ కూడా ఇంకా నిద్రలో ఉండగానే వెతకడం దీని బలం. పావుగంట పడుతుంది. ఆ తరువాత మామూలుగా విండోస్‌లోకి వచ్చి ఫుల్ స్కాన్ పెట్టి పడుకోండి, అది గంటలు తీసుకుంటుంది.

రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రకం గానీ, మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ గానీ ఒకసారి నడిపించండి. సేఫ్టీ స్కానర్‌కు దించుకున్న 10 రోజులకు గడువు తీరుతుంది, కాబట్టి పాతది దాచుకుని లాభం లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులో కూడా ఉచిత సాధనాలు దొరుకుతాయి. డబ్బు పెట్టి కొనే యాంటీవైరస్ వద్దని అనను, కానీ ఇంటి వాడకానికి అప్‌డేట్ అవుతున్న డిఫెండర్ సరిపోతుందన్నదే నా లెక్క. నిరంతరం కాపలా కాసే యాంటీవైరస్‌లు మాత్రం ఒకేసారి రెండు పెట్టకండి. ఒకదాన్ని ఒకటి అనుమానించుకుంటూ కంప్యూటర్‌ను నడవనివ్వవు.

ఇంతటితో చాలామంది ఆగిపోతారు. నేను ఇక్కడే ఎక్కువసేపు కూర్చుంటాను. స్కాన్ వైరస్ ఫైలును తీసేసినా, దాన్ని రోజూ లేపే పిలుపు మిగిలిపోవచ్చు. కంప్యూటర్ ఆన్ చేయగానే ‘ఫలానా వీబీఎస్ ఫైలు కనిపించలేదు’ అని ఒక పెట్టె వస్తుంటే అదే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ వరుస తెరిచి చూడండి. ఆ తరువాత టాస్క్ షెడ్యూలర్, అంటే ఏ ప్రోగ్రామును ఎప్పుడు లేపాలో రాసి ఉంచే చోటు. ఈ రెండో చోటును మర్చిపోతారు కాబట్టే వైరస్‌లకు ఇది ఇష్టం. ప్రతి పది నిమిషాలకోసారి లేవమని అక్కడ రాసి ఉంచితే మీరు ఫైలును ఎన్నిసార్లు తీసేసినా మరో మూలన దాచిన నకలు నుంచి మళ్ళీ పుడుతుంది. ఇవన్నీ ఒకేచోట చూపించే ఆటోరన్స్ అనే ఉచిత సాధనం మైక్రోసాఫ్ట్ సైటులోనే, సిస్‌ఇంటర్నల్స్ విభాగంలో దొరుకుతుంది. తెరిచి, ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమంటే జాబితా బాగా తగ్గుతుంది. గులాబీ రంగు వరుసలు ఎవరు తయారుచేశారో సంతకం లేనివి, పసుపు వరుసలు పిలుపు ఉండి ఫైలు లేనివి. గులాబీ అయినంత మాత్రాన దొంగ కాదు, మన తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లు, పాత ప్రింటర్ డ్రైవర్లు కూడా ఆ రంగులోనే కనిపిస్తాయి. ఇందాక కాగితం మీద రాసుకున్న పేరు గానీ, డబ్ల్యూస్క్రిప్ట్ అన్న మాట గానీ ఏ వరుసలో ఉందో చూడండి. దాన్ని డిలీట్ చేయకుండా ముందున్న టిక్కు తీసేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. అంతా బాగుంటే అప్పుడు డిలీట్ చేయండి. టిక్కు తీసింది మళ్ళీ పెట్టుకోవచ్చు, డిలీట్ చేసింది తిరిగి రాదు.

టిక్కు తీసిన మరుక్షణమే మళ్ళీ పడుతుంటే వైరస్ మెలకువగా ఉండి కాపలా కాస్తోందన్నమాట. అప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అక్కడ తప్పనిసరి సరంజామా మాత్రమే లేస్తుంది కాబట్టి అదే పని నిశ్చింతగా చేసుకోవచ్చు.

కంప్యూటర్ శుభ్రపడ్డాకే పెన్‌డ్రైవ్ జోలికి వెళ్ళండి. తిరగేసి చేస్తే ప్రయోజనం ఉండదు, మీరు పెన్‌డ్రైవ్ కడుగుతుంటే కంప్యూటర్ మళ్ళీ బురద పూస్తుంది. ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట చేర్చండి. మనవరాలి పెన్‌డ్రైవ్, దేవుడి పాటలది, కారులో పాటలది, పాత కెమెరా కార్డు, పెళ్ళి వీడియోల హార్డ్‌డిస్క్. ఒక్కటి మర్చిపోయినా మూడో ఫార్మాట్‌కు 600 పక్కన పెట్టుకోవాల్సిందే. ఒక్కొక్కటీ షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని గుచ్చండి, దానంతట అది ఏమీ తెరుచుకోదు. ఏదీ నొక్కకుండా ముందు డ్రైవ్ మీద కుడి మీట నొక్కి డిఫెండర్‌తో స్కాన్ చేయండి.

ఆ తరువాత దాచిన ఫోల్డర్లను బయటికి తీయాలి. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో ఆప్షన్స్ తెరిచి, దాచిన ఫైళ్ళను చూపించమనే దాన్ని ఎంచుకోండి. దాని కిందే ‘ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ను దాచమనే టిక్కు ఉంటుంది, అది కూడా తీసేయాలి. ఇది వదిలేస్తే ఏమీ కనిపించదు, ఎందుకంటే వైరస్ మీ ఫోల్డర్లకు దాచిన గుర్తుతో పాటు సిస్టమ్ గుర్తు కూడా వేస్తుంది. పనిలో పనిగా ఫైళ్ళ ఎక్స్‌టెన్షన్లను (పేరు చివర చుక్క తరువాత వచ్చే అక్షరాలను) దాచమనే టిక్కు కూడా తీసేయండి, అది జీవితాంతం అలాగే ఉండనివ్వండి. అప్పుడు ఫోటో అని పేరు పెట్టుకుని చివర ఈఎక్స్ఈ తగిలించుకున్న దొంగ దానంతట అదే బయటపడుతుంది.

ఇప్పుడు మీ ఫోల్డర్లు వెలిసిపోయిన రంగులో, నీడల్లా కనిపిస్తాయి. వాటి ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్కు తీయబోతే అది కదలదు. దీనికి అట్రిబ్ అనే ఆజ్ఞ ఉంది, మా కుర్రాళ్ళు నిద్రలో లేపి అడిగినా టైపు చేస్తారు. మీకు అంత శ్రమ అక్కరలేదు. కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి చేసుకోండి. నీడ ఫోల్డర్ లోపలికి వెళ్ళి, అందులోని ఫైళ్ళను మాత్రం కాపీ చేసి కొత్తదానిలో పెట్టుకోండి. ఫోటోలు, డాక్యుమెంట్లు, పాటలు తీసుకోండి. వీబీఎస్, జేఎస్, ఈఎక్స్ఈ, ఎల్ఎన్‌కే (షార్ట్‌కట్) అని ముగిసేవి తీసుకోకండి. అన్నీ వచ్చాయని తెరిచి చూసుకున్నాక పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ఈ మొత్తం కథలో ఫార్మాట్ తప్పనిసరిగా చేయాల్సింది అక్కడే, దానికి ఎవరూ 600 అడగరు.

జిరాక్సు షాపాయనను తిట్టుకోవద్దు. ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, దాని దరఖాస్తుల రోజుల్లో ఆయన కంప్యూటర్‌లో రోజుకు వంద పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు, ఆయన మాత్రం ఏం చేయగలడు? ఇకనుంచి ప్రింటు కావాలంటే ఫైలును పీడీఎఫ్ చేసి ఫోను నుంచి పంపండి. పెన్‌డ్రైవ్ తప్పదంటే ఒక చిన్నదాన్ని షాపు పనికే కేటాయించి, ఇంటికి రాగానే ఏదీ తెరవకుండా ఫార్మాట్ చేసి డ్రాయరులో వేయండి.

ఇక కంప్యూటర్‌నే ఫార్మాట్ చేయక తప్పని సందర్భాలు. డిఫెండర్ తెరుచుకోకుండా ఏదో అడ్డుకుంటుంటే, ఆఫ్‌లైన్ స్కాన్ కూడా దాన్ని లొంగదీయలేకపోతే ఒకటి. స్కాన్‌లో సాలిటీ, విరుట్ వంటి పేర్లు వస్తే రెండు. అవి విడి ఫైలుగా ఉండవు, మీ దగ్గరున్న ప్రతి ఈఎక్స్ఈ ఫైలులోకీ దూరి కూర్చుంటాయి. అప్పుడు సి డ్రైవ్ ఒక్కటే తుడిస్తే లాభం లేదు, డి డ్రైవ్‌లో దాచుకున్న పాత సెటప్ ఫైళ్ళన్నీ వదులుకోవాలి. పాస్‌వర్డులు దొంగిలించే రకం దొరికితే మూడు. అక్కడ నేను అనుమానాలకు తావివ్వను. ఫార్మాట్ చేయించేటప్పుడు విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ను మీరే, శుభ్రమైన వేరే కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి తయారుచేసుకోండి. మీది కొన్న విండోస్ అయి, ఒకసారి ఆక్టివేట్ అయి ఉంటే ఆ హక్కు మదర్‌బోర్డును గుర్తుపెట్టుకుని ఉంటుంది, మళ్ళీ కీ అక్కరలేదు. ఆక్టివేటర్ తెస్తానన్నవాడికి కాఫీ ఇచ్చి పంపించేయండి.

మీకు రానిది, రాకూడదని కోరుకునేది ఇంకొకటి ఉంది కాబట్టి దాని గురించీ చెబుతాను. మా వీధిలో ఒక డీటీపీ ఆపరేటర్ ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ దించుకున్నాడు. యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంది, ఆపాడు. మర్నాటికి శుభలేఖలు, స్మారక సంచికలు, స్కూలు ప్రశ్నపత్రాలు, అన్ని ఫైళ్ళ పేర్ల చివరా నాలుగు కొత్త అక్షరాలు వచ్చి చేరాయి. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చీటీ: 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపు అయితే సగమే. స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) జాతి అది, దొంగ సాఫ్ట్‌వేర్ దించుకునేవాళ్ళే దాని వేట. వైరస్‌ను తీసేయడం పది నిమిషాల పని, తీసేసినా ఫైళ్ళు రావు. ఆ సమయంలో నెట్ లేకపోయి వైరస్ తనతో తెచ్చుకున్న ఒకే తాళంచెవి వాడి ఉంటే, ఎమ్సిసాఫ్ట్ వాళ్ళ ఉచిత సాధనంతో కొన్నిసార్లు విప్పవచ్చు. ఇతనికి నెట్ ఉంది, తాళంచెవి అతనికొక్కడికే పుట్టింది. డబ్బు కట్టవద్దన్నాను, కట్టలేదు. చివరికి తిరిగి వచ్చినవి, ప్రూఫు చూడమని ఖాతాదారులకు మెయిలులో పంపినవి మాత్రమే. నెల రోజులపాటు వాళ్ళకు ఫోన్లు చేస్తూ, తన పనిని తానే అడిగి తెచ్చుకున్నాడు. మీకెవరికైనా ఇలా జరిగితే ముందు నెట్ పీకి, ఆ ఫైళ్ళను తుడిచేయకుండా వేరే డిస్కులో దాచి, నో మోర్ రాన్సమ్ సైటులో మీ రకానికి మందు వచ్చిందేమో చూస్తుండండి. యూరోపు పోలీసులు, కొన్ని యాంటీవైరస్ సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టినది, డబ్బు అడగదు.

అందుకే మనవరాలి ఫోటోలు వేరే హార్డ్‌డిస్కులో ఒక కాపీ పెట్టి, పెట్టడం అయిపోగానే తీగ ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచిన డిస్కు ఈ రకం వైరస్‌కు రెండో వాయి భోజనం.

అంతా అయ్యాక పాస్‌వర్డులు మార్చండి, ఫోను నుంచి. మొదట మెయిలుది, ఎందుకంటే మిగతావాటి తాళాలన్నీ దాని చేతిలో ఉంటాయి. ఆ తరువాత బ్యాంకుది. గూగుల్ ఖాతాలో మీ పరికరాల జాబితా చూసి తెలియనివాటిని బయటికి పంపండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. క్రోమ్‌లో బ్యాంకు పాస్‌వర్డు దాచి ఉంటే తీసేయండి. కంప్యూటర్‌లో పిల్లలకు వేరే యూజర్ ఖాతా తెరవండి, అడ్మినిస్ట్రేటర్ అధికారం లేనిది. ఏదైనా కొత్తది వేయాలంటే మీ పాస్‌వర్డు అడుగుతుంది, పిల్లలు మీ దగ్గరికే వస్తారు.

విండోస్ 10 గురించి ఒక మాట. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్లు అదనంగా ఇస్తున్నారు. మీ ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం లేదా ఆ తరువాతిదైతే విండోస్ 11కు మారే వీలుంది, మారండి.

ఇంతకీ ఆ షార్ట్‌కట్ టార్గెట్ గడిలో ఏముందో మీరు రాయలేదు. కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో చూసి, చివరిదాకా ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో ఏమైనా కనిపిస్తే అదీ చెప్పండి. ఆ రెండూ తెలిస్తే మీ పెన్‌డ్రైవ్‌ది తప్పో, ఆ కుర్రాడి పెన్‌డ్రైవ్‌ది తప్పో చెప్పగలను.